మెట్ట సీమలో నీటి వంతు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

కరువుపై ప్రత్యేక సంచిక తీసుకురావాలని మన సంఘం కార్యవర్గం నిర్ణయించి, విశ్వేశ్వరయ్యగారి జీవితాన్ని గురించి రాసే పని నాకు అప్పగించింది. ఆయనను ఎరగనివారు మన సభ్యుల్లో ఎవరూ ఉండరు. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం పేరిట ఆయన పటానికి పూలదండ వేసినవాళ్లమే మనమంతా. సర్కారు పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి మరో కొవ్వొత్తి అనే కథ ఆ సభలన్నింటిలోనూ విన్నాం కనుక మళ్లీ చెప్పను. కృష్ణరాజసాగరం కట్టించిన దివానుగా ఆయన కీర్తి దేశమంతా పాకింది. అంతకు పదేళ్లకు పైగా ముందు, బొంబాయి రాష్ట్రంలో ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, వరుస కరువులతో నలిగిన పూనా జిల్లాలో కాలువ నీటిని పంచడానికి ఆయన పడ్డ ప్రయాస మాత్రం ఆ కీర్తి వెనక మరుగున పడింది. కాలువల మీద సర్వీసు చేసిన మనవంటివారికి ఆనకట్టల కథకంటె ఆ కథే దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

వారి ఇంటిపేరు చెప్పే ఊరు మన గడ్డ మీదే ఉంది. నల్లమల కొండలకు తూర్పున, గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం వారి పూర్వీకుల గ్రామం. తరాల క్రితమే అక్కడినుంచి మైసూరు రాజ్యానికి వలసపోయిన తెలుగు కుటుంబం వారిది. వదిలి వెళ్లిన నేల వానకు మొగం వాచిన మెట్ట. చేరుకున్న కోలారు సీమ కూడా చెరువు నిండితేనే పంట అనుకునే మెట్టే. శ్రీశైలం నీటిని నల్లమల కింద సొరంగాల గుండా తేవడానికి తలపెట్టిన వెలిగొండ పథకం ఆ గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల కోసమేనని సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

చిక్కబళ్ళాపురం దగ్గర నంది కొండల సమీపాన ఉన్న ముద్దేనహళ్లిలో 1860 సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్యగారు జన్మించారు. కొన్ని పుస్తకాల్లో 1861 అని ఉంటుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. మేనమామ రామయ్యగారి అండతో బెంగళూరు చేరి, ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పూర్తి చేశారు.

ఆ చదువు కాలంలోనే దక్షిణాదిని ధాత కరువు చుట్టుముట్టింది. 1876లో వానలు పోయి, రెండేళ్లు వరసగా మన రాయలసీమనూ, బళ్ళారినీ, మైసూరునూ ఊడ్చిపెట్టిన కరువది. 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు ప్రజలు 1881 లెక్కల నాటికి 42 లక్షలకు పడిపోయారు. పదేళ్లలో పెరగవలసిన జనం పెరగకపోగా ఎనిమిది లక్షలకు పైగా తరిగిపోయారన్నమాట. పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడిగా ఆయన ఉన్నది ఆ రాజ్యంలోనే, ఆ రోజుల్లోనే. ఆ తరంలో ఇంజనీరైన వాడికి నీరు అనే మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమస్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడే బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. నాసిక్, ఖాందేశ్ జిల్లాల్లో మొదటి పోస్టింగులు. 1894–95లో సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం కోసం పంపారు. అది ఎడారి అంచున ఉన్న ఊరు. పక్కనే సింధునది పారుతున్నా బురద నీళ్లు తాగే స్థితి. నది గర్భంలోనే బావి తవ్వి, ఇసుక వడకట్టిన నీటిని పైకి తోడే ఏర్పాటు చేశారు. దాదాపు పదేళ్ల తర్వాత, 1906లో, ఏడాదికి మూడు అంగుళాల వాన కూడా సరిగా పడని ఏడెను రేవుకు నీటి దారి చూపమని పంపినప్పుడు కూడా ఆయన ఆలోచన ఆ బాటలోనే నడిచింది. ఊరికి పద్దెనిమిది మైళ్ల దూరంలో లాహెజ్ దగ్గర ఎండిన నదిలో ఇసుక కింద ఇంకి ఉన్న నీటిని పట్టి తేవచ్చని నివేదిక ఇచ్చారు. ఏటి ఇసుకలో చెలమ తీసి కడవ నింపుకునే మన పల్లె ఆడపడుచులకు ఈ సూత్రం కొత్తది కాదు. దాన్ని ఒక నగరానికి సరిపడా లెక్కకట్టి చూపడం ఆయన పనితనం.

ఇక అసలు సంగతికి వస్తాను. 1899లో ఆయన పూనా జిల్లాకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వచ్చారు. 1896–97 కరువు పుండు మానకముందే 1899–1900 కరువు వచ్చిపడిన రోజులవి. ఆ సీమ భూగోళం ఒకసారి కళ్లముందు పెట్టుకోవాలి. సహ్యాద్రి శిఖరాల మీద మహాబలేశ్వరంలో ఏటా రెండు వందల అంగుళాలకు పైగా వాన కురుస్తుంది. అక్కడినుంచి తూర్పుకు దిగి బారామతి, ఇందాపూరు చేరేసరికి ఇరవై అంగుళాలు పడితే గొప్ప. మన అనంతపురం లెక్కే అనుకోండి. కొండల మీద పడిన ఆ నీటిని నిలవ చేసి మెట్టకు మళ్లించాలని తవ్విన వాటిలో నీరా ఎడమ కాలువ ఒకటి. ధాత కరువు చేదు అనుభవం తర్వాత, 1880 దశకంలో దానికి నీరు వదిలారు. సర్కారుకు పెద్ద రాబడి రాకపోయినా ఫరవాలేదు, వాన తప్పిన ఏడు జొన్న, సజ్జ చేలకు రెండు మూడు తడులిచ్చి జనాన్ని బతికించాలి అన్నది ఆ కాలువల ఉద్దేశం. అందుకే తక్కువ నీటిని ఎక్కువ మైళ్ల పొడవున పారించేటట్లు కట్టారు.

కాగితం మీద ఉన్న ఉద్దేశం కాలువ గట్టు మీద నిలవలేదు. వాన బాగా పడిన ఏడు జొన్న రైతు కాలువ వైపు కన్నెత్తి చూడడు. నీటి తీరువా కట్టడం ఎందుకు దండగ అనుకుంటాడు. వాన ముఖం చాటేసిన ఏడు అందరూ ఒక్కసారే దరఖాస్తులు పట్టుకుని కార్యాలయం ముందు నిలబడతారు. ఏ ఏటికాయేడు మంజూరీ, ఎక్కడో ఒక మడి, అక్కడికి మైలు దూరంలో మరో మడి. మధ్యలో పిల్లకాలువల్లో ఇంకిపోయేదే ఎక్కువ. ఏడాది పొడవునా నీరు తీసుకుని, తీరువా తప్పకుండా కట్టేవాడు చెరకు రైతు ఒక్కడే. సాస్వడ్ వైపునుంచి వచ్చిన, చెరకు సాగులో ఆరితేరిన మాలీ రైతులు ఎగువ ఊళ్లలో భూములు కౌలుకు పట్టి చెరకు వేశారు. కాలువ అధికారులకూ రాబడి కనిపించింది కనుక వద్దనలేదు. చెరకు పది పన్నెండు నెలల పంట. నడివేసవిలో కూడా దానికి తడి కావాలి. ఫలితంగా ఎగువన నేల ఊరి చవుడు తేలడం మొదలైంది, దిగువన గొంతు తడవలేదు. కరువు కోసం తవ్విన కాలువ కరువు ఊళ్ల పక్కనుంచే వెళ్లి వాళ్లకు అందకుండా పోయింది.

ఇందులో దొంగలెవరూ లేరన్న సంగతి గమనించాలి. రైతు తన లాభం చూసుకున్నాడు, శాఖ తన రాబడి చూసుకుంది. ఎవరినీ శిక్షించి సరిచేయగల తప్పు కాదది. విశ్వేశ్వరయ్యగారు దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. చెరకును నిషేధిస్తే కాలువకు ఖర్చులు రావు. విచ్చలవిడిగా వదిలేస్తే కాలువ ఎవరికోసం తవ్వారో వాళ్లకు చుక్క అందదు. ఈ రెంటి మధ్య ఆయన వేసిన దారే బ్లాకు పద్ధతి.

ఆ పద్ధతిని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. కాలువ పొడవునా వీలైనన్ని ఊళ్లకు వాటా దక్కాలి. అయితే ఒక్కొక్క ఊరిలో నీరు పారే భూమి చెల్లాచెదురుగా ఉండకూడదు. నేల మంచిదీ, మురుగు పోయే వాటమున్నదీ చూసి, హద్దులు వేసి ఒకచోట బ్లాకుగా ఏర్పాటు చేయాలి. ఆ బ్లాకులో సుమారు మూడో వంతులో చెరకు వంటి పంట, మిగిలిన దానిలో తక్కువ నీటితో పండే పంటలు. మరుసటి ఏడు చెరకు పక్క భాగానికి మారుతుంది. ఇలా వంతులవారీగా తిరగడంతో నేలకు విశ్రాంతి దొరుకుతుంది, చవుడు ఎక్కదు. నీటి మంజూరీ ఏ ఏటికాయేడు కాకుండా కొన్ని ఏళ్లకు ఒకేసారి ఖాయం చేస్తారు. దాంతో రైతుకు రేపటి మీద ధైర్యం కలుగుతుంది, శాఖకు ఎంత నీరు ఎక్కడ కావాలో ముందే తెలుస్తుంది. ఎవరికి నీరివ్వాలో ప్రతి తడికీ కింది ఉద్యోగి నిర్ణయించే పరిస్థితి పోతుంది. ఆ పరిస్థితి ఎన్ని చేతులు తడుపుతుందో మనలో తెలియనివారు లేరు.

రైతులు మొదట ఎదురుతిరిగారు. పూనా పత్రికల్లోనూ విమర్శలు వచ్చాయి. సర్కారు చేసే ఏ మార్పు అయినా పన్ను పెంచడానికే అనే అనుమానం ఆ రోజుల్లో సహజం. కోట్లాది జనం ఆకలితో మాడుతున్నప్పుడు కూడా భూమిశిస్తు వసూలు ఆపని దొరతనం మీద నమ్మకం ఎలా కలుగుతుంది? విశ్వేశ్వరయ్యగారు ఉత్తర్వు జారీ చేసి ఊరుకోలేదు. రైతులను కలిసి, ఈ ఏర్పాటులో వాళ్లకు ఏమి దక్కుతుందో, ఏమి పోతుందో లెక్కలతో వివరించారు. క్రమంగా ప్రతిఘటన తగ్గింది. కరువుల తర్వాత కర్జను ప్రభుత్వం 1901లో నియమించిన నీటిపారుదల కమిషను, సర్ కాలిన్ స్కాట్ మాంక్రీఫ్ అధ్యక్షతన దేశమంతా తిరిగినప్పుడు, ఆయన తన పద్ధతిని వారి ముందు పెట్టారు. ఒక భారతీయ ఇంజనీరు మాటను అంతటి కమిషను శ్రద్ధగా విని మెచ్చుకోవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు.

అదే పూనాలో ఆయన చేసిన రెండో పని అందరికీ తెలిసిన స్వయంచాలక తలుపులు. ముఠానది మీద ఖడక్‌వాస్లా దగ్గర ఉన్న ఫైఫ్ సరస్సులో వానాకాలం నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. వేసవికి నిలవ చాలేది కాదు. కట్ట ఎత్తు పెంచుదామంటే పాత కట్టడం ఆ బరువు తట్టుకోదు. 1903లో ఆయన అలుగు మీద తన రూపకల్పన ప్రకారం ఇనుప తలుపులు బిగించారు. నీటిమట్టం హద్దు దాటితే తలుపులు తమంతట తామే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వస్తే లస్కరు నిద్రలేచి పరుగెత్తనక్కరలేదు. కట్టను ఒక్క అడుగు కూడా పెంచకుండా నిలవ మట్టం 8 అడుగులు పెరిగింది. ఈ తలుపులకు పేటెంటు తీసుకున్నా, సర్కారు జీతం తీసుకుంటూ చేసిన పని కనుక తనకు దాని మీద సొమ్ము అక్కరలేదని కాదన్నారు.

చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆ రోజుల్లో తెల్లవారిది. ఎందరో సీనియర్లను దాటి సూపరింటెండింగ్ ఇంజనీరు దాకా వచ్చిన ఆయనకు పై మెట్టు అందదని తేలిపోయింది. 1908లో, ఏభై ఏళ్లయినా నిండకముందే, ఉద్యోగం వదులుకున్నారు. నిండు పింఛనుకు కావలసిన సర్వీసు ఇంకా పూర్తి కాలేదు. అయినా బొంబాయి ప్రభుత్వం ప్రత్యేకంగా సిఫారసు చేసి పింఛను మంజూరు చేయించింది. మన సంఘం పింఛను కేసుల ఫైళ్లు మోసి అలసిన మిత్రులకు ఈ ముక్క చదివి కొంచెం అసూయ కలిగితే తప్పు పట్టను.

విదేశ యాత్రలో ఉండగా హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1909 ఏప్రిల్‌లో ఆయన నిజాం ప్రభుత్వంలో ప్రత్యేక సలహా ఇంజనీరుగా చేరారు. మూసీ ఎగువ పరీవాహకం అంతా పరిశీలిస్తే 788 చెరువులు ఉన్నాయని, ఆ వానకు 221 చెరువులు తెగాయని తేలింది. ఒకదాని తర్వాత ఒకటి గొలుసుకట్టు చెరువులు తెగితే ఏమవుతుందో తెలంగాణ మిత్రులకు బాగా తెలుసు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని ఆయన సూచించారు. ఆయన వెళ్లిపోయాక హైదరాబాదు ఇంజనీర్లు ఆ పని నెరవేర్చారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద కోసం కట్టినవి తర్వాత వేసవిలో ఊరి గొంతు తడిపాయి. కృష్ణా నీళ్లు రాకముందు దశాబ్దాలపాటు హైదరాబాదు తాగింది ప్రధానంగా ఆ గండిపేట నీళ్లే.

1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1911లో కన్నంబాడి దగ్గర కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలైంది. సిమెంటు దొరకని కాలంలో సున్నం, సుర్కీలతో లేచిన 124 అడుగుల కట్టడమది. దిగువ రాష్ట్రమైన మద్రాసుతో తగాదా, మధ్యవర్తిత్వం, అప్పీలు దాటి 1924 ఒప్పందంతో గాని పూర్తి ఎత్తుకు అనుమతి స్థిరపడలేదు. దాని కింద పాత కన్నంబాడితో సహా ఊళ్లు మునిగాయి. ఆ నీటితో మాండ్య ప్రాంతంలో లక్ష ఎకరాలకు పైగా సాగులోకి వచ్చింది. అక్కడి పంటల ఏర్పాటులో పూనా బ్లాకు పద్ధతి నమూనానే పనికి వచ్చింది. చెరకు, వరి, ఆరుతడి పంట వంతులవారీగా తిరిగాయి.

1912 నుంచి 1918 దాకా ఆయన దివాను. బ్యాంకు, విశ్వవిద్యాలయం, కర్మాగారాలు, అవన్నీ ఎన్నో వ్యాసాల్లో వచ్చాయి. పదవి వదలడానికి ప్రధాన కారణం ఒకటి చెప్పాలి. సర్కారు కొలువుల్లో బ్రాహ్మణేతర వర్గాలకు ప్రత్యేక వాటా ఉండాలని మహారాజా తలచినప్పుడు, అర్హత ఒక్కటే చూడాలని దివాను పట్టుబట్టారు. ఆయన పట్ల ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో నేను ఆయన వైపు నిలబడలేను. కాలువ చివరి ఊరికి నీరు దానంతట అది చేరదని, ఏర్పాటు చేస్తేనే చేరుతుందని పూనాలో అందరికంటె ముందు గ్రహించినవాడు ఆయనే. ఆ గ్రహింపును చదువుకూ కొలువుకూ వర్తింపజేయకపోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

బ్లాకు పద్ధతి తర్వాత ఏమైంది? దక్కను కాలువల మీద ఆ పేరు చాలాకాలం నిలిచింది. అయితే 1930 దశకంలో చక్కెర మిల్లులు లేచాక, బ్లాకులో చెరకు భాగం నిలదొక్కుకున్నంతగా మిగిలిన రెండు భాగాలు నిలవలేదు. ఆ తర్వాత కథ మహారాష్ట్రలో అందరూ చూసిందే. సాగుభూమిలో కొద్ది భాగంలో ఉన్న చెరకు నీటిపారుదలలో సగానికి మించి తాగుతుందని వ్యవసాయ నిపుణులు లెక్కలు చూపారు. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు మిరజ్ నుంచి రైలు ట్యాంకుల్లో తాగునీరు మోయవలసి వచ్చింది.

మన ముచ్చట కూడా వేరుగా లేదు. తుంగభద్ర కాలువల కింద భూమిని మాగాణి, ఆరుతడి అని విడగొట్టి స్థిరీకరించింది, తక్కువ నీటిని ఎక్కువ కరువు నేలకు పంచాలన్న పాత తలంపుతోనే. ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు ప్రాంతాలకు కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన మన తెలుగు రైతులు కాంపులు వేసుకుని, ఆరుతడికి కేటాయించిన నేలలో వరి పండించారు. కష్టజీవులు. రాళ్లు ఏరి, నేల చదును చేసి బంగారం పండించిన మాట నిజం. రాయచూరు వైపు చివరి ఊళ్లకు కాలువ ఎండిన మాటా నిజమే. నీరా గట్టున సాస్వడ్ మాలీలు చేసినదే ఎనభై ఏళ్ల తర్వాత తుంగభద్ర గట్టున మనవాళ్లు చేశారు. ఎగువ కాలువ కింద అనంతపురం జిల్లాలో సర్వీసు చేసిన మిత్రులు చివరి తూము దగ్గర రైతు ముఖం ఎలా ఉంటుందో నాకంటె బాగా చెప్పగలరు.

విశ్వేశ్వరయ్యగారు తర్వాతి కాలంలో కూడా ఖాళీగా కూర్చోలేదు. భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నష్టాల్లోంచి గట్టెక్కించారు. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని 1934లో పుస్తకం రాశారు. 1937 తర్వాత ఒరిస్సా వరదలను అధ్యయనం చేసి మహానది మీద జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. తొంభై దాటిన వయసులో బీహారులో గంగ మీద వంతెన స్థలం ఎంపికకు స్వయంగా వెళ్లి చూశారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్లు నిండిన సందర్భంగా 1960లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్లిలో ఉంది. బొంబాయి సర్కారులో ఆయన చేసిన సర్వీసు పాతికేళ్లు కూడా నిండలేదు. పదవీ విరమణ తర్వాత యాభై మూడేళ్లు జీవించారు.